చెప్పుకున్న మాట ఎవరిది?

పి. సత్యవతి కథ ‘ఇల్లలకగానే’ని ఇంటిచాకిరీలో పడి తన పేరే మర్చిపోయిన గృహిణి కథగా గుర్తుపెట్టుకున్నాం. పేరు పోవడం గురించి మాట్లాడినంతగా, అది దొరికిన తీరు గురించి మనం మాట్లాడలేదనిపిస్తుంది. ఆమెకి పేరు అందించింది భర్తా కాదు, పిల్లలూ కాదు, చిన్ననాటి స్నేహితురాలు. ఆ స్నేహితురాలు సర్దుకుపొమ్మనలేదు, నీకేం తక్కువనీ అనలేదు. ఒకప్పుడు ఆమె ఎవరో ఆమెకి గుర్తుచేసింది. మనోచికిత్స మొదలయ్యేది కూడా అక్కడే కదా! తీర్పు చెప్పకుండా వినే ఒక మనిషి దగ్గర.

ఇలాంటి మనిషి మన సాహిత్యంలో ఎవరెవరికి దొరికింది? నవీన్ ‘అంపశయ్య’ (1969) ఉస్మానియా విద్యార్థి రవి మనసులో ఒక్క రోజు అలజడికి నవలంత చోటిచ్చింది. రవి గోడు వినడానికి కనీసం పాఠకులున్నారు. అదే వయసు ఆడపిల్ల సంగతి? స్త్రీవాద కథ పెళ్లయిన స్త్రీ దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఆగాల్సిన అవసరమూ ఉంది. కానీ హాస్టల్ గదిలో ర్యాంకులు లెక్కపెట్టుకునే పదిహేడేళ్ల పిల్ల దగ్గరికి తక్కువసార్లే వెళ్లింది.

పల్నాడు జిల్లాలోని నకరికల్లు మండలాన్నే తీసుకుందాం. మిర్చి, పత్తి పండించే ప్రాంతం. అక్కడి రైతు కూతురు ఇంటర్ కోసం గుంటూరు, విజయవాడల్లోని రెసిడెన్షియల్ కాలేజీకి వెళితే ఆ ఏటి పంటా, అప్పూ కూడా ఆమె వెంటే వెళతాయి. అన్నకో తమ్ముడికో కూడా ఆ బరువుంటుంది. కానీ తప్పితే పెళ్లి చేసేస్తారన్న భయం ఆమెకే ఉంటుంది. స్నేహితురాలు పక్క మంచం మీదే ఉంటుంది. అయితే ఆమెని పోటీదారుగా చూడడం నేర్పి ఉంటారు.

2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలంది. మార్కుల్ని బట్టి సెక్షన్లుగా విడగొట్టడం వీలైనంతవరకు మానమంది. మంచిదే. కానీ కౌన్సెలింగ్ అనే మాటకి మన ఊళ్లలో ఇప్పటికే రెండర్థాలున్నాయి. ఒకటి ఇంజనీరింగ్ సీటు ఎంచుకోవడం, రెండోది పోలీస్ స్టేషన్లో భార్యకి నచ్చజెప్పి కాపురానికి పంపడం. రెండింటిలోనూ వినడమన్నది లేదు.

యాజమాన్యం జీతమిచ్చే కౌన్సెలర్‌కి ఆ పిల్ల తన మనసు చెప్పుకుంటే, ఆ మాట ఎవరి దగ్గరికి పోతుంది? తండ్రి దగ్గరికి పోతే చదువు ఆగిపోవచ్చు, ప్రిన్సిపాల్ దగ్గరికి పోతే సెక్షన్ మారిపోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతని హక్కుగా గుర్తించింది. కానీ పద్దెనిమిదేళ్లు నిండనివారికి సంరక్షకులనే ప్రతినిధులుగా పెట్టింది. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది ఆ వయసు లోపువాళ్లే. లైంగిక హింస తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చెయ్యాల్సిందే. ప్రాణాపాయం ఉన్నా మౌనంగా ఉండకూడదు. ఈ హద్దులేమిటో ఆ పిల్లకి మొదటిరోజే చెప్పాలి. మిగిలినదంతా ఆమెదేనన్న హామీ ఇవ్వాలి. అది లేకపోతే కౌన్సెలర్ ఇంకో వార్డెన్ మాత్రమే. 2022లో మొదలైన టెలిమానస్‌కి 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. కానీ హాస్టల్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది?

పితృస్వామ్యం ఆడపిల్ల మనసులోని మాటని ఇంటి పరువు కింద జమకడుతుంది. అందుకే గోప్యత వైద్యుల వృత్తినియమంగానే మిగిలిపోకూడదు, స్త్రీవాద డిమాండ్ కావాలి. పాఠాలు చెప్పే మనం ‘ఇల్లలకగానే’ని ఇంటర్ చదివే పిల్లలతో కూడా చదివించొచ్చు. స్నేహితురాలు ఏం చెప్పిందన్నదే కాదు, ఏం చెప్పకుండా ఉందన్నదీ అడగొచ్చు. రాసే మనం ఆ హాస్టల్ గదిలోకి వెళ్లాలి. చనిపోయాక వార్తగా కాదు, బతికుండగా మాట్లాడే మనిషిగా ఆ పిల్లని రాయాలి.