నీలిరంగు లేని నది

మ్యాపును కూడా పుస్తకంలాగే చదవాలి, గుణదోషాలు ఎంచాలి అంటాను నేను. ఈసారి నేను చదివింది ఒక్క కాగితం: సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీటు, స్కేలు 1:50,000. ప్రాంతం అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల మీదుగా పోయే వేదవతి. అక్కడివాళ్ళకు హగరి.

ఎడారి అంటే మనకు రాజస్థానే గుర్తొస్తుంది. దర్గాహొన్నూరు దగ్గర తెలుగు రైతుల పొలాల్లోనూ ఇసుకదిబ్బలున్నాయి. అసలే వానలు తక్కువ. ఎగువన మారికణివె దగ్గర 1907లో కట్టిన వాణీవిలాస సాగరం ఉంది, దాని దిగువన భైరవానితిప్ప ఆనకట్ట ఉంది. ఎండిన ఏటిలోని ఇసుకను నైరుతి గాలులు లేపి చేలమీద పోస్తాయి.

ఈ మ్యాపులో నాకు నచ్చింది నిజాయితీ. స్కూలు అట్లాసు ప్రతి నదికీ నీలిగీత గీస్తుంది. ఇది ఏడాది పొడవునా నీరుంటేనే నీలం వేస్తుంది, ఎండిపోయే వాగును నల్లగీతతో చూపిస్తుంది. కాంటూర్లు కూడా కథ చెబుతాయి. ఇక్కడ చదునునేలే సముద్రమట్టానికి 400 మీటర్ల పైన ఉంటుంది. మన సింగపూర్‌లో అన్నిటికన్నా ఎత్తయిన బుకిట్ తిమా 163 మీటర్లే! ఏటి పక్కన గీతలు దూరదూరంగా జరిగాయంటే గాలికి అడ్డు లేదని అర్థం.

లోపమూ అక్కడే ఉంది. గీతకూ గీతకూ మధ్య తేడా 20 మీటర్లు. అంతకన్నా పొట్టి దిబ్బ ఒక రైతు చేనంతా మింగినా ఒక్క గీత కూడా కదలకపోవచ్చు. ఇసుకకు వేసే గోధుమరంగు చుక్కలు సర్వే చేసిన ఏడాదివి, దిబ్బ మాత్రం ఏటా జరుగుతుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది తెలిసిన సంగతే: కొలవని వివరం తెరమీదికి రాదు. కానీ ఇక్కడ కొలతకు అందనిది ఒక కుటుంబం తిండిగింజలు.

2005 నాటి జాతీయ మ్యాపు విధానంతో ఓపెన్ సిరీస్ మ్యాపులు సామాన్యులకూ అందుబాటులోకి వచ్చాయి. మీ ఊరి షీటు తెప్పించండి. ముందు సర్వే సంవత్సరం చూడండి. నాయనమ్మో తాతయ్యో ఇక్కడికి వచ్చినప్పుడు మనవల చేతికి పెన్సిలిచ్చి వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఏ చెరువు ఎప్పుడు ఎండిందో, ఏ చేను ఎవరు వదిలేశారో పెద్దవాళ్ళు చెబుతుంటే పిల్లలు మ్యాపుమీద గుర్తు పెట్టుకోవాలి. ఆ సంగతులు ఏ సర్వేలోనూ దొరకవు, చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే రాసుకోవాలి.