గాలిని శంకించి, తీగను నమ్మి

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా వెళ్తే వచ్చే చర్లలో, పోర్షన్లుగా అద్దెకిచ్చిన ఇల్లొకటి ఉందనుకుందాం. కింద ఓనరు, పైన ఒక టీచరు, రోడ్డు వైపు నెట్ సెంటరు. మెయిన్ మీటరు ఒక్కటే, పోర్షనుకో సబ్‌మీటరు. కిందున్న నెట్ పై గదికి అందాలంటే వైఫై పెట్టుకోవచ్చు, లేదా కరెంటు తీగలోనే డేటా పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కొనుక్కోవచ్చు. ఏది భద్రమంటే రెండోదేనని చాలామందికి తోస్తుంది. గాల్లో పోయేదానికన్నా తీగలో పోయేది మనదన్న ధీమా అది. పోర్షన్ల ఇంట్లో ఆ ధీమాకు ఆధారం తక్కువ.

ముందు హద్దుల సంగతి. వైఫై గోడ దాటుతుంది, రోడ్డు మీద నిలబడ్డవాడి ఫోన్లోనూ దాని పేరు కనబడుతుంది. పవర్‌లైన్ సిగ్నల్ అలా చిక్కదు. అదే వైరింగులో ఇంకో అడాప్టర్ పెడితేనే అందుతుంది. బయటివాడి విషయంలో ఇది నిజమైన మేలు. కానీ ఈ ఇంట్లో వైరింగ్ అందరిదీ. సబ్‌మీటరు యూనిట్లు లెక్కపెడుతుందే తప్ప, 2 నుంచి 28 మెగాహెర్ట్జ్ మధ్య నడిచే హోమ్‌ప్లగ్ ఏవీ అనే పవర్‌లైన్ ప్రమాణపు సిగ్నల్‌ను ఆపదు. మహా అయితే బలం తగ్గిస్తుంది. దాన్ని దాదాపుగా ఆపేది వీధిలోని ట్రాన్స్‌ఫార్మరే.

ఇక తాళాలు. వైఫై తొలి తాళం వెప్ 1997లో వచ్చింది, 2001కల్లా దాని లోపం బయటపడింది. 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది. 2017లో పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ దాని బలహీనతను చూపాక, మరుసటి ఏడాదే డబ్ల్యూపీఏ3 వచ్చింది. పవర్‌లైన్‌లో 2001 నాటి హోమ్‌ప్లగ్ 1.0కు 56 బిట్ల డీఈఎస్, 2005 నాటి ఏవీకి 128 బిట్ల ఏఈఎస్. కాగితం మీద ఏవీ తాళం గట్టిదే. చిక్కు తాళంచెవితో. ఇప్పటి చాలా రౌటర్లకు దేని పాస్‌వర్డ్ దానికి వేరుగా స్టిక్కర్ మీద ఉంటుంది. ఏవీ అడాప్టర్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చే పాస్‌వర్డ్ మాత్రం చాలావాటికి ఒక్కటే: ‘హోమ్‌ప్లగ్ ఏవీ’. పెట్టెలోంచి తీసి ప్లగ్గులో పెట్టగానే పనిచేయాలని చేసిన ఏర్పాటు అది. తాళం మార్చే జత బటన్ నొక్కకుండా టీచరూ నెట్ సెంటరూ చెరో జత పెట్టుకుంటే, సిగ్నల్ అందినంత మేర రెండూ ఒకే నెట్‌వర్క్ అయిపోతాయి. బటన్ నొక్కినా, కొన్ని అడాప్టర్లలో తాళం మార్చనిచ్చే పరికరపు రహస్య సంఖ్యను దాని మ్యాక్ చిరునామా నుంచే లెక్కగట్టవచ్చని 2014లో పరిశోధకుడు సెబాస్టియన్ డుడెక్ చూపించాడు.

అసలు తేడా ఇక్కడుంది. వైఫైని అందరూ అనుమానించారు, పరిశోధకులు పదేపదే విరగ్గొట్టారు, అందుకే అది బాగుపడింది. ఎవరు కలిశారో రౌటర్ పేజీలో చూసుకోవచ్చు. పవర్‌లైన్‌ను అంతగా ఎవరూ కెలకలేదు. ఎవరు చేరారో కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరిస్తే గాని తెలియదు. ఇంట్లో కనిపించేది మినుకుమనే లైటు మాత్రమే.

రెండు పోర్షన్ల నెట్‌వర్కులు ఇలా కలిసిపోతే బ్యాంకు లావాదేవీలకు వెంటనే ముప్పు రాదు, వాటికి హెచ్‌టీటీపీఎస్ రక్ష ఉంటుంది. పాస్‌వర్డ్ లేని సీసీ కెమెరా, నెట్ సెంటర్‌లో జనం ఆధార్ స్కాన్లు దాచిన షేర్డ్ ఫోల్డర్ మాత్రం పక్క పోర్షన్‌కు తెరుచుకుంటాయి. అందుకే సొంత ఇంటికి పవర్‌లైన్ సరే. పోర్షన్ల ఇంటికి పెద్ద పాస్‌వర్డ్ పెట్టిన వైఫైయే మేలు. గోడలు మందమై అడాప్టర్ తప్పదంటే, వాడకం మొదలుపెట్టకముందే జత బటన్ నొక్కి తాళం మార్చుకోవాలి.