జోడ్ కుటుంబం - మన వలస: ఒక పరిశీలన

జాన్ స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' (1939) కథను ఇదివరకటి భాగంలో తెలుసుకున్నారు. కౌలుభూమి పోగొట్టుకున్న జోడ్ కుటుంబం, పాత హడ్సన్ కారును ట్రక్కుగా మార్చుకొని ఓక్లహామా నుంచి కాలిఫోర్నియాకు బయలుదేరుతుంది. ఇంటివాళ్లు పన్నెండు మంది, కేసీతో కలిపి పదమూడు.

ఈ నవలలో ఒక భౌగోళికమైన పొరపాటు ఉందంటారు. జోడ్‌ల ఊరు శాలిసా ఓక్లహామా తూర్పు అంచున ఉంది. దుమ్ము తుఫానులు తీవ్రంగా వీచింది పశ్చిమాన. ఈ సంగతి పరీక్షలో రాయండి, కాని దానికి ఎక్కువ విలువ ఇవ్వకండి. వాళ్లను వెళ్లగొట్టింది దుమ్ము ఒక్కటే కాదు, బ్యాంకు, ట్రాక్టరు కూడా. అసలు లోపం వేరే ఉంది. కాలిఫోర్నియా తోటల్లో అంతకుముందే చెమటోడ్చిన మెక్సికన్, ఫిలిప్పినో కూలీలకు ఈ కథలో దాదాపు చోటు లేదు.

కామారెడ్డిలో తరగతి తీసుకున్నప్పుడల్లా నేను పదో అధ్యాయం దగ్గర ఆగేవాణ్ణి. ఇంటి సామాన్లన్నీ అమ్మితే చేతికొచ్చింది పద్దెనిమిది డాలర్లు. తల్లి దాచుకున్న ఉత్తరాలను, ఫొటోలను పొయ్యిలో వేస్తుంది. ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి, "మా ఇంట్ల ఉత్తరాలు కాల్చలేదు సార్, పాసుబుక్కు కుదువ పెట్టినం" అన్నాడు. ఆ మాట తరువాత నా పాఠం మారింది.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో, ఆ మాంద్యం రోజుల్లోనే పూర్తయింది. కాలువ నీరు అందని మెట్ట పల్లెలకు మాత్రం బోర్లే దిక్కు. బోరు ఎండితే అప్పు, ఆ అప్పు తీర్చడానికి గల్ఫ్ వీసా, వీసా కోసం మిత్తికి మరో అప్పు. నవలలో ఒక బక్కచిక్కిన మనిషి కరపత్రాల గుట్టు విప్పుతాడు: కావలసింది ఎనిమిది వందల మంది, అచ్చువేసేది ఐదు వేల కాగితాలు. జనం ఎక్కువైతే కూలి తగ్గుతుంది. ఏజెంటు మాట నమ్మి మోసపోయిన ఇంట్లో ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

పోలిక ఇక్కడితో ఆగుతుంది. దారిలో బండి చెడినప్పుడు, మిగతావాళ్లు ముందు వెళ్లాలని టామ్ అంటే తల్లి ఇనుప కడ్డీ పట్టుకొని అడ్డం తిరుగుతుంది. కుటుంబం విడిపోకూడదు, అంతే. నవల మొత్తానికి ఇదే కీలక ఘట్టమని నా అభిప్రాయం. మన వలసలో ఆ తల్లికి ఆ అవకాశమే లేదు. వీసా ఒక్కడికే వస్తుంది. విడిపోవడంతోనే ప్రయాణం మొదలవుతుంది. 2008 మాంద్యం తరువాత దుబాయిలో కట్టడాలు ఆగినప్పుడు, అప్పు తీరకముందే తిరిగొచ్చినవాళ్లున్నారు. జోడ్‌లకు తిరిగి రావడానికి ఇల్లు లేదు. వీళ్లకు ఇల్లుంది, గుమ్మంలో అప్పులవాడున్నాడు.

అందరూ వెళ్లిపోయాక ఖాళీ పొలాల్లో ఒంటరిగా తిరిగే మ్యూలీ గ్రేవ్స్‌ను స్టైన్‌బెక్ త్వరగానే వదిలేశాడు. మన నేల మీద ఈ నవల రాస్తే ఆ పాత్రే ముఖ్యపాత్ర అవుతుంది. మ్యూలీ స్థానంలో ఒక భార్య ఉంటుంది. రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు వేయడానికి పొలానికి పోతుంది, చేతిలో ఫోను పట్టుకొని.