వద్దనగలిగితేనే బేరం

కిరాయి కుదిరిందా అని కొత్తగా లారీ కొన్న కుర్రాణ్ని అడిగితే టన్నుకు ఎంతో చెబుతాడు. ముదురు ఓనరు రేటు జోలికే పోడు. ఎక్కడ దించాలి, ఎన్నాళ్లు పడుతుంది, అటునుంచి ఏం దొరుకుతుంది, ఈ మూడూ తేలాకే కుదిరిందో లేదో చెబుతాడు. నందిగామ, జగ్గయ్యపేట వైపు సొంత బండిని సొంతంగా నడుపుకునే మాలాంటివాళ్లు నిలబడ్డా పడిపోయినా ఈ లెక్క దగ్గరే.

మా వైపు లోడుకు కరువు లేదు. జయంతిపురంలో రాంకో, ముక్త్యాలలో కేసీపీ, తెలంగాణ సరిహద్దు దాటితే మేళ్లచెరువులో మై హోమ్, అన్నీ సిమెంటు ఫ్యాక్టరీలే. సిమెంటు కదలని రోజుండదు. సీజన్లో జిన్నింగు మిల్లుల నుంచి పత్తి బేళ్లు, కృష్ణ అవతల గుంటూరు యార్డు నుంచి మిర్చి ఉండనే ఉన్నాయి. మల్కాపురం నుంచి నందిగామ దాకా 181 కిలోమీటర్లు నాలుగు వరుసల రోడ్డు 2012లో పూర్తయ్యాక హైదరాబాద్ ఒక్క రాత్రి ప్రయాణమైంది. చిక్కల్లా తిరుగు లోడు దగ్గరే. మనతోపాటు సిమెంటు వేసుకుని వెళ్లిన బండ్లన్నీ తెల్లారేసరికి అక్కడే ఉంటాయి, అన్నీ ఈ రోడ్డునే వెనక్కి రావాలి. ఎక్కువ బండ్లు, తక్కువ సరుకు ఉన్నచోట రేటు బ్రోకరు చెప్పిందే.

అందుకే బేరం ఇక్కడ, ఎత్తకముందే తేల్చుకోవాలి. మాకు వచ్చే ఫోను దాదాపు ఇలా ఉంటుంది.

“అన్నా, బండి ఖాళీయేనా? హైదరాబాద్ సిమెంటు ఉంది, పొద్దున్నే ఎత్తాలి.”

“దించేదెక్కడ తమ్ముడూ? గోడౌనా, సైటా?”

“సైటే అన్నా, ఊరి చివర.”

“హమాలీలు ఉన్నారా? ఎన్నింటికి దించుతారు?”

“నువ్వు పో అన్నా, పోగానే దించేస్తారు.”

అవతలివాళ్లతో ఎవరూ మాట్లాడలేదని ఆ జవాబులోనే తెలిసిపోతుంది. పగలు సిటీలోకి లారీలకు నో ఎంట్రీ. రాత్రి చేరితే సైటులో మనుషులుండరు. తెల్లారి హమాలీలు వచ్చేసరికి ముందు బండ్లు నాలుగు నిలబడి ఉంటాయి. నేను అప్పుడు అడిగేది రేటు పెంచమని కాదు. సైటు సూపర్‌వైజరు నంబరు ఇవ్వమంటాను, ఒక రోజు దాటితే బండి ఆగినందుకు హాల్టింగు ఎంతో వాట్సాప్‌లో రాసి పంపమంటాను. పంపితే ఎత్తుతాను, లేదంటే లేదు.

రోజు విలువ ఎంతో ఒక్కసారి లెక్క కట్టి చూద్దాం. అంకెలు లెక్క కోసమే. పది టైర్ల బండిలో 18 టన్నులు, అంటే 360 బస్తాలు వేశామనుకుందాం. టన్నుకు 800 చొప్పున కిరాయి 14,400. రానూపోనూ 400 కిలోమీటర్లకు 90 లీటర్ల డీజిలు, లీటరు 97 చొప్పున 8,730. టోళ్లకు రెండు వేలు తీసేస్తే మిగిలేది 3,670. రెండు రోజుల్లో ఇల్లు చేరితే రోజుకు 1,835 పడ్డట్టు. సైటు దగ్గర రెండు రోజులు నిలబెడితే ఆ డబ్బే నాలుగు రోజులకు పంచుకోవాలి, రోజుకు 917. కిస్తీ, టైర్లు, ఇన్సూరెన్సు, ఇంటి ఖర్చు అన్నీ అందులోంచే. టన్నుకు యాభై ఎక్కువిస్తే వచ్చేది 900. ఒక్క రోజు తొందరగా దించితే దక్కేది అంతకన్నా ఎక్కువ. అయినా యాభై కోసం గంటసేపు వాదించే మనం దించే వేళ గురించి నోరెత్తం. అమెరికాలో సొంత ట్రక్కు నడిపేవాళ్లు రెండు గంటలు దాటి ఆపితే గంటకు ఇంతని అడగడం అక్కడి వాడుక. మనం ఒక రోజు దాటితే అడుగుదామన్నా కొత్తగా చూస్తున్నారు.

రేటు పెంచలేనప్పుడు బ్రోకరు చూపించే దారి ఇంకొకటుంది: “రెండు టన్నులు ఎక్కువ వేసుకో అన్నా.” ఆ రెండు టన్నులకు ఈ లెక్క ప్రకారం వచ్చేది 1,600. 2018 జూలైలోనే కేంద్రం పరిమితి పెంచింది, పది టైర్ల బండికి సరుకుతో కలిపి 25 టన్నులున్నది 28.5 అయింది. అదీ దాటి పట్టుబడితే 2019 సెప్టెంబరు నుంచి జరిమానా 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. రెండు టన్నులకు 24,000 అన్నమాట. ఎక్కువైన సరుకు దించే ఖర్చు మనదే. ఓవర్‌లోడుతో బ్రేకు నొక్కితే బండి ఆగాల్సిన చోట ఆగదు, ఆ లెక్క రూపాయల్లో తేలేది కాదు. ఓవర్‌లోడు అనగానే ఫోను పెట్టేయాలి.

కాగితాలు కూడా బేరంలో భాగమే. యాభై వేల విలువ దాటిన సరుకుకు ఈ-వే బిల్లు ఉండాలి, దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. లోడింగు ఆలస్యమైతే ఆ గడువులోంచే పోతుంది. 2023 జూలై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ వరద, గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతింది. అలాంటప్పుడు గడువు పొడిగించాల్సింది ఎవరో ముందే మాట్లాడుకోకపోతే నీళ్లు తీశాక బండి కాగితాల దగ్గర ఆగుతుంది. వానాకాలంలో సిమెంటు ఎత్తేముందు పట్టా చిరుగుల్లేకుండా చూసుకోవాలి. తడిసి గడ్డకట్టిన బస్తాల డబ్బు మనకు రావాల్సిన కిరాయి బ్యాలెన్సులోంచి కోసుకుంటారు. బ్యాలెన్సు ఎన్ని రోజుల్లో ఇస్తారో, రసీదు ఎవరికి చేరాలో కూడా కాటా వేయకముందే అడగాలి. సరుకు దిగాక అడిగే మాటకు బలముండదు.

ఇదంతా తెలియని ఓనరు లేడు. మరి నష్టపు లోడు ఎందుకు ఎత్తుతాం? ఐదో తేదీ కిస్తీ ఉంది కాబట్టి. చేతిలో డబ్బు లేనివాడు అడ్వాన్సు కోసం ఎత్తుతాడు. డీజిలుకు పోగా మిగిలిన అడ్వాన్సు కిస్తీకి వెళ్తుంది, బ్యాలెన్సు నెల తర్వాత వస్తుంది, ఈలోపు ఇంకో కిస్తీ. మన బండి తీరిక లేకుండా తిరుగుతోందంటే సంపాదిస్తోందని ఊళ్లో అనుకుంటారు. తిరుగుడు వేరు, సంపాదన వేరు. ఖాళీగా నిలబెట్టిన బండికి డీజిలు ఖర్చుండదు, టైరు అరగదు. నష్టపు లోడుతో వెళ్లిన బండి రెండూ తిని, మంచి లోడు వచ్చే వేళకు ఊళ్లో ఉండదు.

అందుకే బండి కొనబోయే తమ్ముళ్లకు నేను చెప్పేదొకటే. డౌన్ పేమెంటుకు ఉన్నదంతా ఊడ్చి పెట్టకండి. రెండు కిస్తీల డబ్బు విడిగా దాచి, చాలకపోతే చిన్న బండే కొనండి. ఆ డబ్బుంటేనే ఫోనులో వద్దని చెప్పే ధైర్యం వస్తుంది. ప్రతి లోడుకూ ఒక పుస్తకంలో బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు, మిగిలింది రాసుకోండి. ఇప్పటికే బండి ఉన్న అన్నలకు ఇంకో మాట. హాల్టింగు రాసివ్వని లోడు నేను వద్దన్న గంటకే మీరు ఎత్తితే రేపు మీకూ ఎవరూ రాసివ్వరు. యూనియన్ మీటింగుల్లో రేటు గురించి ఎంత గట్టిగా మాట్లాడతామో, దించే వేళ గురించీ అంత గట్టిగా మాట్లాడదాం.