సేనానాయక్ చదువు

రెండు గంటలు. కొత్తగా ఎంపికైన కానిస్టేబుళ్ళకు జెండర్ గురించి క్లాసు చెప్పమని ఒక పోలీసు శిక్షణ కేంద్రం వాళ్ళు నన్ను పిలిచినప్పుడు ఇచ్చిన సమయం అది. తొమ్మిది నెలల శిక్షణలో రెండు గంటలు. అందులోనూ మొదటి పావుగంట నన్ను పరిచయం చెయ్యడానికి, చివరి పావుగంట శాలువా కప్పడానికి పోయింది. చీకటితో లేచి పరేడ్ చేసి వచ్చిన పిల్లలు. సగంమంది కళ్ళు మూతలు పడుతున్నాయి. వాళ్ళను తప్పు పట్టలేకపోయాను.

నేను సాహిత్యం మనిషిని. చట్టం సెక్షన్లు చెప్పడానికి వేరేవాళ్ళు వస్తారు కదా అనుకుని మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథ చెప్పాను. కథయ్యాక వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి, "మేడం, ఆ ఆఫీసరు అంత చదువుకున్నాడు కదా, మరి అట్లెందుకు చేశాడు?" అని అడిగాడు. రాజ్యం, పితృస్వామ్యం అని ఏదో చెప్పాను. చెబుతున్నంతసేపూ అది ఆ ప్రశ్నకు జవాబు కాదని నాకు తెలుస్తూనే ఉంది. ఈ వ్యాసం ఆ కుర్రాడికి బాకీ పడ్డ జవాబు.

పోలీసుల దౌర్జన్యం గురించి మాట్లాడేటప్పుడు మనలాంటి వాళ్ళం తేలిగ్గా అనేసే మాట ఒకటుంది: "వాళ్ళకు సరైన శిక్షణ లేదు." లెక్కలు కూడా మనకు అనుకూలంగానే కనిపిస్తాయి. నార్వేలో పోలీసు కావాలంటే మూడేళ్ళ డిగ్రీ చదవాలి. అమెరికాలో 2018 లెక్కల ప్రకారం పోలీసు అకాడమీల్లో ప్రాథమిక శిక్షణ సగటున 833 గంటలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కానిస్టేబుల్‌కు సుమారు తొమ్మిది నెలలు, ఎస్సైకి ఏడాది. ఐపీఎస్ అధికారికి దాదాపు రెండేళ్ళు. ఈ అంకెల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి, నెలలు పెంచితే మనుషులు మారతారని నేనూ చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకాన్ని చెడగొట్టింది 'ద్రౌపది'.

1978లో 'అగ్నిగర్భ' సంపుటిలో వచ్చిన ఈ కథను మనం సాధారణంగా దోప్ది వైపునుంచే చదువుతాం. చివరి దృశ్యం అంత బలమైనది మరి. అత్యాచారానికి గురైన సంతాల్ స్త్రీ బట్ట కట్టుకోవడానికి నిరాకరించి, పట్టపగలు నగ్నంగా అధికారి ముందుకు నడిచి వస్తుంది. ఆయుధం లేని మనిషి ఎదుట నిలబడి అతను మొదటిసారి భయపడతాడు. ఈసారి మాత్రం, ఆ కుర్రాడి పుణ్యమా అని, నేను కథను సేనానాయక్ వైపునుంచి చదివాను.

రచయిత్రి అతన్ని మూర్ఖుడిగా చెయ్యలేదు. కిరాతకుడిగానూ చెయ్యలేదు. అతను చదువరి. నాటకాలు చదివినవాడు. తీవ్రవాద రాజకీయాలను సిద్ధాంత స్థాయిలో అర్థం చేసుకున్నవాడు. శత్రువును గెలవాలంటే శత్రువులా ఆలోచించడం నేర్చుకోవాలని నమ్మినవాడు. ఎప్పటికైనా ఈ అణగారిన మనుషుల తరపున నిలబడి రాస్తానని కూడా అనుకుంటాడు. దోప్దిని పట్టుకున్నాక గంటసేపు తనే ప్రశ్నలడుగుతాడు, ఆమె మీద చెయ్యి వెయ్యడు. భోజనం వేళయ్యాక ఒక్క ముక్కలో ఆదేశమిచ్చి వెళ్ళిపోతాడు. మిగతాది సిపాయిలు చూసుకుంటారు. పైవాడు చదువుకున్నవాడు, కిందివాడు ఆజ్ఞ పాటించేవాడు. ఇద్దరిదీ శిక్షణే.

ఇక్కడ నన్ను కలవరపెట్టింది సేనానాయక్ క్రూరత్వం కాదు, అతని సహానుభూతి. ఎదుటి మనిషిని అర్థం చేసుకోవడమే మానవీయత అని సాహిత్య విభాగాల్లో మనం పాఠాలు చెబుతాం. అర్థం చేసుకోవడం పట్టుకోవడానికి కూడా పనికొస్తుందని ఈ కథ చెబుతుంది. మరి ఆ రెండు గంటల్లో నేను చేసిన పనేమిటి? ఇంకో నలభైమంది సేనానాయక్‌లకు ఇంకో కథ అందించానా? అతిశయోక్తిలా కనిపిస్తే కనిపించనివ్వండి, ఆ రోజు ఇంటికొస్తూ బస్సులో నేను అనుకున్నది అదే.

ఇదంతా బెంగాల్ కథ అనుకోవడానికి మనకు వీల్లేదు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్‌ను దేశంలోనే మెరుగైన శిక్షణ ఉన్న దళంగా చెప్పుకుంటారు. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో పదకొండుమంది కోందు ఆదివాసీ స్త్రీలు తమపై సామూహిక అత్యాచారం జరిగిందని ఆరోపించింది ఆ దళం మీదే. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులైన పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారం చెల్లించమంది. పదహారేళ్ళు. ఆ స్త్రీలు చెప్పింది నిజమని గానీ కాదని గానీ తేల్చగలిగేలా దర్యాప్తు చెయ్యడం అంతమంది శిక్షితుల్లో ఎవరికీ రాలేదా? రాకపోవడమేనా, లేక అక్కర్లేకపోవడమా?

మథుర కేసులోనైతే లోపం కానిస్టేబుల్ దగ్గర ఆగలేదు. 1972లో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయిపై జరిగినదానికి బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి వేసిన శిక్షను 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటిమీద గాయాలు లేకపోవడాన్ని అంగీకారంగా చదివింది. 'చదివింది' అనే మాట కావాలనే వాడుతున్నాను. దశాబ్దాల అనుభవమున్న న్యాయమూర్తులు ఒక శరీరాన్ని తప్పుగా చదివారు. 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ రాసిన బహిరంగ లేఖ నా దృష్టిలో మన దేశంలో వచ్చిన గొప్ప సాహిత్య విమర్శల్లో ఒకటి. ఒక పాఠాన్ని పట్టుకుని, అందులో ఏ మాట ఎక్కడ జారిందో చూపించింది. 1983 చట్టసవరణకు దారి వేసిన కారణాల్లో అదీ ఒకటి.

శిక్షణ కేంద్రంలో నేర్పేది ఒకటి, స్టేషన్ నేర్పేది ఇంకొకటి. ఈ సంగతి మనకు రావిశాస్త్రి ఎప్పుడో చెప్పాడు. 'ఆరు సారా కథలు'లోని 'మాయ'లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ కొత్త ప్లీడరుకు పోలీసులూ కోర్టులూ ఎలా పనిచేస్తాయో విడమర్చి చెబుతుంది. లా చదివిన కుర్రవాడు నోరు తెరుచుకుని వింటాడు. పోలీసు అకాడమీ పెట్టాల్సింది ముత్యాలమ్మతోనేమో అని ఒకసారి మా డిపార్ట్‌మెంట్‌లో అంటే అందరూ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు.

ఇంతకీ శిక్షణ అక్కర్లేదంటానా? అననివ్వని అనుభవం ఒకటుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమెతో ఒకసారి స్టేషన్‌కు వెళ్ళాను. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. రైటర్ ముందు నిలబడి చెప్పింది: "చీటి పైసలు ఇయ్యనన్న సారూ. జుట్టు వట్టి గుంజిండు. పొయ్యిల నీళ్ళు వోసిండు. పిల్లలు పస్తులున్నరు." రైటర్ చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించాడు, విసుక్కోలేదు. రాసి, చదివి వినిపించాడు: "నా భర్త మద్యం మత్తులో నన్ను అకారణంగా కొట్టి, శారీరకంగా, మానసికంగా హింసించుచున్నాడు. కావున తమరు దయతో విచారించి తగు చర్య తీసుకోగలరని ప్రార్థన."

ఆమె తలూపింది. పెద్ద మాటలు కదా, బాగున్నాయనుకుంది. వేలిముద్ర వెయ్యబోతుంటే నేను ఆపాను. ఆమె కారణం చెప్పింది. చీటీ డబ్బు అడిగాడు, ఇవ్వనంది, కొట్టాడు. 'అకారణంగా' అన్న ఒక్క మాటతో ఆ డబ్బు కాగితం మీంచి మాయమైపోయింది. భార్యను హింసించడానికి సంబంధించిన పాత 498ఎ సెక్షన్‌లో, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన నిబంధనలోనూ, డబ్బు కోసం చేసే వేధింపును ప్రత్యేకంగా చెప్పారు. అంటే ఆమె నోట వచ్చిన మొదటి మాటే చట్టానికి కావలసిన మాట. రైటర్ దాన్ని అందమైన తెలుగులో కొట్టేశాడు. పొయ్యిలో నీళ్ళు కూడా పోయాయి. ఆ ఇంట్లో జరిగేదేమిటో నాకు కళ్ళకు కట్టించింది ఆ నీళ్ళే.

అదేమిటని అడిగితే, "ఫార్మాట్ మేడం, మా సీనియర్లు ఇట్లనే నేర్పిండ్రు" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఫిర్యాదు కూడా ఒక సాహిత్య ప్రక్రియే. దానికీ సంప్రదాయముంది, శైలి ఉంది, గురువులున్నారు. ఆ శైలిలో ప్రతి స్త్రీ ఒకే స్త్రీ, ప్రతి దెబ్బా ఒకే దెబ్బ. చదివి వినిపించాలని చట్టం చెబుతుంది, అతను వినిపించాడు కూడా. ఆమె మాటల్లోనే రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. దీన్ని నేర్పవచ్చు. సహానుభూతిని నేర్పగలమో లేదో నాకు సందేహమే గానీ, విన్నది విన్నట్టు రాయడానికి మంచితనం అవసరం లేదు, సాధన చాలు.

ఈమధ్య మళ్ళీ చూసిన 'సోనీ' (2018, దర్శకుడు ఇవాన్ ఆయర్) గురించి ఒక మాట. ఢిల్లీలో పనిచేసే ఎస్సై సోనీ, ఆమె పై అధికారిణి కల్పన. వేధించేవాళ్ళను సోనీ కొడుతుంది, బదిలీ అవుతుంది. స్త్రీలను పోలీసుల్లోకి తీసుకుంటే చాలనే మన ఇంకో తేలిక జవాబును ఈ సినిమా నిదానంగా విప్పుతుంది. హోదా ఉన్న కల్పనా ఇంట్లో అత్తమామల మాటలు పడుతూనే ఉంటుంది. చివర్లో కల్పన సోనీకి అమృతా ప్రీతం ఆత్మకథ ఇస్తుంది. సేనానాయక్ పుస్తకాలూ పుస్తకాలే, ఇదీ పుస్తకమే. సేనానాయక్ ఎదుటివాళ్ళ గురించి తెలుసుకోవడానికి చదివాడు. సోనీ చేతికి వచ్చింది తన గురించి చదువుకోవడానికి. సినిమా అక్కడ ఏ భరోసా ఇవ్వదు. అందుకే నచ్చింది.

కిందటి నెల అదే శిక్షణ కేంద్రం మళ్ళీ పిలిచింది. మళ్ళీ రెండు గంటలే. శాలువా వద్దని ముందే చెప్పాను. ఈసారి కథ చెప్పలేదు. కాగితాలు పంచి, ఆమె మాటలను ఆమె చెప్పినట్టే, పేరు లేకుండా, రెండుసార్లు చెప్పి రాయమన్నాను. ముప్ఫై ఎనిమిది కాగితాలు వచ్చాయి. ఇంకా ఒక్కరోజు కూడా డ్యూటీ చెయ్యని పిల్లలు, అయినా చాలావాటిలో 'శారీరకంగా, మానసికంగా' అప్పటికే చేరిపోయింది. ఇరవై ఒక్క కాగితాల్లో చీటీ డబ్బు ఉంది. నాలుగింటిలో పొయ్యిలో నీళ్ళున్నాయి. ఒక అమ్మాయి 'పొయ్యిలో నీళ్ళు పోసినాడు' అని రాసి, కొట్టేసి, పక్కన మళ్ళీ అదే రాసింది.