బల్లల వరుసలో ఒక ఊరి చరిత్ర

ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో మిడిల్ అనే చిన్న పారిష్ ఉంది. ఒకే చర్చి పరిధిలోని పల్లెల సముదాయాన్ని పారిష్ అంటారు. 1700–1702 మధ్య, అరవై దాటిన వయసులో, రిచర్డ్ గాఫ్ (1635–1723) అనే రైతు ఆ పారిష్ చరిత్రను రాశాడు. అచ్చులోకి రావడానికి అది 1834 దాకా వేచి ఉండవలసి వచ్చింది.

ఈ గ్రంథపు విశిష్టత దాని కూర్పులో ఉంది. గాఫ్ చర్చిలోని బల్లల పటాన్ని ముందు పెట్టుకొని, ఒక్కొక్క బల్లపై కూర్చునే హక్కున్న కుటుంబాల కథలను వరుసగా చెప్పుకుపోతాడు. ఆ హక్కు మనిషిది కాదు, ఇంటిది, భూమిది. ముందు బల్లలు సంపన్నులవి, వెనుకవి పేదలవి. అంటే ఊరి అంతస్తుల నిచ్చెనే గ్రంథానికి విషయసూచిక అయింది.

అయితే కథనంలో ఆ నిచ్చెన నిలవదు. తాగుబోతుతనం, దొంగతనం, వ్యాజ్యాలు, చెడిన కాపురాలు ముందు బల్లలోనూ ఉన్నాయి, వెనుక బల్లలోనూ ఉన్నాయి. అంతర్యుద్ధంలో రాజు పక్షాన పోరాడటానికి మూడు పల్లెల నుండి ఇరవై మంది వెళ్ళగా, పదముగ్గురు హతులయ్యారని గాఫ్ లెక్క చెబుతాడు. యుద్ధ చరిత్రలకెక్కని మనుషులు వీరు. డేవిడ్ హే 1974లో వెలువరించిన అధ్యయనంలో గాఫ్ మాటలను పారిష్ రిజిస్టర్లతో, వీలునామాలతో పోల్చి చూసి, అవి చాలావరకు నమ్మదగినవేనని తేల్చాడు.

లోపాలు లేకపోలేదు. స్త్రీలు ఎక్కువగా కూతుళ్ళుగా, భార్యలుగానే కనిపిస్తారు. ఇల్లూ బల్లా లేని పనివాళ్ళు ఇతరుల కథల్లో దారినపోయేవారు మాత్రమే. వైద్యుడిగా నాకిది పరిచితమైన లోపమే: ఆసుపత్రి గడప తొక్కని రోగి మన రికార్డుల్లో ఉండడు.

మెకంజీ సేకరణలోని తెలుగు కైఫియత్తులు ఇక్కడ గుర్తుకు రాకమానవు. అడిగినవారి కోసం కరణాలు చెప్పిన ఆ వృత్తాంతాల్లో గుడులు, మాన్యాలు, ఏలికల పరంపర ప్రధానం. గాఫ్‌ను ఎవరూ అడగలేదు. అందుకే కాబోలు, ఇరుగుపొరుగు అతనికి చరిత్ర అయ్యారు.

విదేశాల్లో ఉన్న మనం నేడు సొంతూళ్ళ చరిత్రలను ఉత్సాహంగా రాసుకుంటున్నాం. వాటిలో గుడి, బడి, పేరుమోసిన పెద్దలు తప్పక ఉంటారు. వెనుక బల్ల ఉందా అన్నదే ప్రశ్న. పేర్లు చెప్పగల వృద్ధులు ఉండగానే ఆ ప్రశ్న వేసుకోవాలి.