కొలత గొలుసు పారేయకూడదు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి నాకొచ్చే ఫోన్లలో ఈ మధ్య ఒకే ప్రశ్న ఎక్కువగా వినిపిస్తోంది. "అన్నా, చర్చిలో పని మానుకుందామనుకుంటుండా. కంప్యూటరు లైన్లోకి రావాలంటే ఏం నేర్చుకోవాల?" అడిగేవాళ్లలో సహాయ పాస్టర్లున్నారు, సండే స్కూలు నడిపే అమ్మాయిలున్నారు, మందిరంలో సౌండు, లైవు చూసుకునే కుర్రాళ్లున్నారు. నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే. ఉదయగిరి వైపు ఒక సంఘంలో కొన్నేళ్లు జీతానికి పనిచేసి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ టెస్టింగులో కుదురుకున్నాను. అందరికీ కలిపి ఈ వారం ఒకే జవాబు రాస్తున్నాను. చర్చిలో నేర్చిన పనిని కొత్త ఉద్యోగానికి వెంట తీసుకుపోండి. దాన్ని దాచిపెడితే మీ బలంలో సగం దాచిపెట్టినట్టే.

ఈ మాటకు మన ప్రాంతపు చరిత్రలోనే సాక్ష్యం ఉంది. జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1865లో నెల్లూరు వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టాడు. మిషనరీ కాకముందు ఆయన సర్వే పనివాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే బృందంతో గొలుసు పట్టుకుని అడవుల్లో తిరిగాడు. పాదిరి అయ్యాక ఆ విద్యతో ఇక పనేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 1876–78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం కరువు పనిగా పెట్టినప్పుడు, క్లౌ దొర మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. లెవెళ్లు, మట్టి లెక్కలు తెలిసినవాడు కాబట్టే అంత ధైర్యం చేయగలిగాడు. ఆయన దగ్గర పనిచేసే బోధకులే తవ్వేవాళ్ల గుంపులకు మేస్త్రీలయ్యారు. పగలు పార లెక్క, కూలి లెక్క చూసుకున్నారు, సందు దొరికినప్పుడు వాక్యం చెప్పారు. వేల మందికి ఆ కాలువ గట్టు మీద కూడు దొరికింది.

అందులో నాకు మరీ నచ్చేది ఇంకొకటుంది. కూలి కోసమో గింజల కోసమో మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాకే 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి రేవు దగ్గర, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకె అందరికీ తెలుసు. దాని వెనకున్న సర్వే గొలుసు సంగతి తక్కువమందికి తెలుసు.

ఆ బాప్టిస్టు మిషన్ ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో స్టేషన్లు పెట్టింది. మాల మాదిగ పల్లెల్లో చాలా కుటుంబాలకు నెల జీతమంటే ఏమిటో మొదట తెలిసింది మిషన్ ఉద్యోగంతోనే. బడి పంతులు, బైబిలు స్త్రీ, ఆసుపత్రిలో కాంపౌండరు, నర్సు, ఇవన్నీ ఆనాటి చర్చి ఉద్యోగాలు. చదువుతో వచ్చే పనులు కాబట్టి పిల్లల్ని ఇంకో మెట్టు పైకి చేర్చాయి. మా తాతల కాలానికి చర్చి ఉద్యోగమంటే కొత్త విద్యలోకి తెరిచిన తలుపు. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ ఈనాటి కొత్త విద్య వెతుక్కుంటూ పోతుంటే, అది పెద్దలు నడిచిన దారికి కొనసాగింపే.

ఇప్పటి చర్చి జీతం మాత్రం కానుకల మీద నిలిచింది. మెట్ట ప్రాంతం మాది. వర్షం పడితే పంట, పంటను బట్టి కానుక. కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాల్లో పొగాకుకు మంచి ధర పలికితే ఆ నెల కానుకల సంచి బరువుగా ఉంటుంది. లేకపోతే పాస్టరుగారి ఇంట్లో పాలు అర లీటరుకు తగ్గుతాయి. 2020 లాక్‌డౌనులో మందిరాలు మూతబడ్డప్పుడు ఆ సంచి పూర్తిగా ఆగిపోయింది. ఆ మే నెలలో ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు ఒకసారి ఇచ్చిన 5,000 రూపాయలు చాలా ఇళ్లలో బియ్యానికి సరిపోయాయి. ప్రభుత్వోద్యోగం చూద్దామంటే, ఎస్సీ కుటుంబాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు బీసీ-సీ కింద ఉన్న వాటా ఒక్క శాతం. చర్చిలో పనిచేసే పిల్లలు ప్రైవేటు వైపు, అందులోనూ సాఫ్ట్‌వేరు వైపు చూడ్డానికి ఇవన్నీ కారణాలు. "పిలుపు మర్చిపోయి డబ్బు వైపు పోతుండారు" అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి గుడారాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకున్నాడు. చేతిపని చేసుకుంటూ విశ్వాసంలో ఉండటం మొదటి శతాబ్దం నుంచీ ఉన్నదే.

ఇక నేర్చుకోవడం సంగతి. అందరూ మొదట అడిగేది అమీర్‌పేటలో ఏ కోర్సులో చేరాలని. కోర్సు కంటే ముందు మీ కళ్లెదుట చెడిపోయి ఉన్నదాన్ని ఒకదాన్ని బాగుచేయండి. నా వరకు అది పాటల ఫైలు.

మా మందిరంలో పాటలన్నీ ఎప్పుడో ఒక డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టించినవి. కొత్త లాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు ఒక్క అక్షరం లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గందరగోళం. కారణం తెలుసుకోవడానికే నాకు చాలా రాత్రులు పట్టింది. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మ ముక్కల్ని కూర్చోబెట్టాయి. ఫాంటు లేని చోట ఆ ముసుగు తొలగి కింద ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకంటూ విడిగా 128 గళ్లు కేటాయించింది. అక్కడ మన అక్షరం మన అక్షరమే.

ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడం గుర్తుకు గుర్తు పెట్టేస్తే అయ్యే పని కాదు. "క్రీస్తు" అనే మాటే తీసుకోండి. యూనికోడులో అది ఎనిమిది సంకేతాల వరస: క, పొల్లు, ర, గుడిదీర్ఘం, స, పొల్లు, త, కొమ్ము. పాత ఫాంటులో కంటికి కనిపించే వరసే దాచి ఉంటుంది. ముందు "కీ" బొమ్మ, తర్వాత రావత్తు బొమ్మ. "సు" బొమ్మ, తర్వాత తావత్తు బొమ్మ. అంటే ప్రోగ్రాము ప్రతి వత్తునూ పట్టుకుని, దాని ముందున్న గుణింతపు గుర్తును దాటించి, హల్లు పక్కకు చేర్చాలి. పైథాన్‌లో ఆ నియమాలు ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. ఒక పాటలో కుదిరింది ఇంకో పాటలో విరిగేది. విరిగిన మాటల జాబితా పెట్టుకుని, నియమం మార్చిన ప్రతిసారీ ఆ జాబితానంతా మళ్లీ నడిపించి చూసేవాణ్ణి. టెస్టింగు కంపెనీల్లో దీన్ని రిగ్రెషన్ అంటారని తర్వాత తెలిసింది. ఆదివారం తెర మీద పాట సరిగ్గా వచ్చి, వెనక వరసలో కూర్చున్న ముసలమ్మ చూసి పాడగలిగితే నాకదే పరీక్ష పాసవడం.

ఇలాంటిది మీ దగ్గరా ఉంటుంది. లైవులో పాస్టరుగారి పెదవులు ముందూ మాట వెనకా పడుతుందా? కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టించి రికార్డు చేయండి. చేతులు కలిసిన ఫ్రేముకూ శబ్దం వచ్చిన చోటుకూ తేడా ఎన్ని మిల్లీసెకన్లో కొలవండి. ఆ అంకెను సెట్టింగులో పెట్టి మళ్లీ చూడండి. కొలిచి, మార్చి, మళ్లీ కొలిచి రాసిపెట్టడం, ఇదే నా ఈనాటి ఉద్యోగం. చందాల లెక్క నోటుబుక్కులో ఉందా? దాన్ని డేటాబేసులో పెట్టి, నెలాఖరుకు సంఘ పెద్దలకు ఒక పేజీ లెక్క వచ్చేట్టు చేయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి ఇంతకంటే మంచి ప్రాజెక్టు లేదు. కోర్సులో అందరికీ ఒకే నమూనా ప్రాజెక్టు ఇస్తారు. మీ మందిరం సమస్య మీ ఒక్కరిదే, దాని గురించి ఎంత లోతుకు అడిగినా చెప్పగలరు. ఆ తర్వాత మీకు అడ్డొచ్చిన చోటు కోసం కోర్సు చూడండి. ఆన్‌లైన్లో ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు.

వెతుకులాటలో ఎదురయ్యేవి కూడా చెప్పాలి. సెరాంపూర్ సెనేటు ఇచ్చే బి.టి.హెచ్., బి.డి. వేదాంత డిగ్రీలు చాలా కంపెనీల ఆన్‌లైన్ దరఖాస్తుల్లో జాబితాలోనే కనిపించవు. అందుకే పని మానక ముందే సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీసీఏ లాంటి డిగ్రీకి కట్టి ఉంచడం మంచిది. ఇంకొకటి, చర్చిలో పనిచేసిన ఏళ్లను ఖాళీగా చూపించమని, వాటి స్థానంలో దొంగ అనుభవపత్రం కొనుక్కోమని సలహా ఇచ్చే కన్సల్టెన్సీలుంటాయి. నన్నూ అలాగే అడిగారు. ఒప్పుకోవద్దు. కంపెనీ చేయించే వెరిఫికేషనులో పట్టుబడితే ఉద్యోగం పోతుంది. పట్టుబడకపోయినా, సంఘం ముందు నిలబడి నిజం గురించి మాట్లాడిన నోటితో మొదటి రోజే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ ఏళ్లను ఉన్నదున్నట్టు రాయండి. ఎంతమంది కార్యక్రమానికి ఏర్పాట్లు చూశారు, ఏ పరికరాలు నడిపారు, ఎంత డబ్బుకు లెక్క చెప్పారు, ఎవరికి నేర్పారు.

గృహ ప్రార్థనలకు తిరిగిన అలవాటు నాకు ఉద్యోగంలో ఎంత పనికొచ్చిందో అంతగా ఏ కోర్సూ పనికిరాలేదు. ఒకావిడ "ఇంట్లో ఏం బాగలేదయ్యగారూ" అంటుంది. అక్కడితో ప్రార్థన చేసి లేచి వచ్చేస్తే అసలు సంగతి తెలియదు. కాసేపు కూర్చుని, ఎప్పటినుంచి, ఏం జరిగింది, అంతకు ముందు ఏమైంది అని నెమ్మదిగా అడిగితే చీటీ పాట డబ్బు దగ్గరకో, అల్లుడి తాగుడు దగ్గరకో వస్తుంది. సాఫ్ట్‌వేరు వాడేవాడు కూడా "పనిచేయట్లేదు" అని ఒక్క మాటే అంటాడు. ఎప్పటినుంచి, ఏం నొక్కారు, అంతకు ముందు ఏం మార్చారు, ప్రతిసారీ వస్తోందా అని అడిగి తెలుసుకోవాలి. విసుక్కోకుండా అడగడం రానివాడు మంచి టెస్టరూ కాలేడు, మంచి సపోర్టు ఇంజనీరూ కాలేడు. ఆ ఓర్పు మీకు ఇప్పటికే ఉంది.

లారీ వాల్ అనే ఆయన సంగతి మా కుర్రాళ్లకు తరచూ చెబుతుంటాను. ఆయనా ఆయన భార్యా బర్క్లీలో భాషాశాస్త్రం చదివారు. రాత లేని భాషనొకదాన్ని నేర్చుకుని, దానికి లిపి కల్పించి, బైబిలు అనువదించాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆరోగ్యం సహకరించక ఆ ప్రయాణం ఆగిపోయింది. ఆయన నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో చేరాడు, 1987లో పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషను విడుదల చేశాడు. మనుషులు మాట్లాడుకునే భాషల గురించి చదివిన చదువంతా అందులోకి వచ్చింది. సువార్తలోని ముత్యం ఉపమానం ఆ పేరు వెనక ఉంది. ఆశీర్వదించు అనే అర్థమిచ్చే 'బ్లెస్' అనే ఆదేశం ఆ భాషలో నేటికీ ఉంది. వెళ్లాలనుకున్న చోటుకు వెళ్లలేకపోయినా, అందుకోసం నేర్చుకున్నదాన్ని ఆయన వృథా పోనివ్వలేదు.

చర్చి పెద్దలకు కూడా నాలుగు మాటలు. పని మానేస్తానన్న కుర్రాణ్ణి వేదిక మీద నుంచి దెప్పకండి. పాస్టరుకు ఉద్యోగంతోపాటు చర్చి ఇచ్చిన ఇల్లూ పోతుంది, పిల్లల బడీ మారుతుంది. మంచి పనివాడైతే చేసిన పనులన్నీ వివరంగా రాసి ఒక ఉత్తరం ఇవ్వండి. కొత్త చోట కాళ్లూనేదాకా ఆ ఇంట్లోనే ఉండనివ్వండి. వెళ్లేవాడి బాధ్యత కూడా ఉంది. మిక్సరు, లైవు, లెక్కలు ఇంకొకరికి నేర్పకుండా కదలకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి దాచాను. ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్ రెడ్డి 2019 నుంచి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా రాష్ట్ర ఐటీ మంత్రిగా ఉన్నారు. ఉదయగిరిలో ఇంజనీరింగు కాలేజీ నడిచింది. అయినా మన పిల్లలు కంప్యూటరు పని కోసం బెంగళూరు, చెన్నై, హైదరాబాదు బస్సులే ఎక్కుతున్నారు. కాలేజీ దాకా పోలేని పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ మండలాల్లో చాలా మందిరాల్లో ఇప్పుడు లాప్‌టాప్ ఉంది, ప్రొజెక్టరుంది, నెట్టుంది. వారానికి ఒక పూట వాడి, మిగతా ఆరు రోజులు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. వాటిని బయటకు తీసి, కులం మతం అడగకుండా ఊళ్లో పిల్లలందరికీ సాయంత్రాలు నేర్పిద్దాం. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఏ మందిరం మొదలుపెట్టినా సరే, శనివారాలు వచ్చి నేర్పే పూచీ నాది.